అంచు గిట్టని మునిశేఖరన్న

మునిశేఖరన్నకి అంచంటే గిట్టదు.

చీరంచు, లుంగీ అంచు, తువ్వాలు అంచు అంటూ పొద్దున లేచింది మొదలు మగ్గాలు టకటకలాడే నగరిలో పుట్టి పెరిగి, అంచంటే గిట్టని మనిషి ఈయనొక్కడే. ఫోటోకి నాలుగు వైపులా గీత గీసినట్టు అంచు కనపడితే చాలు, ఆయనకి పళ్ళు జివ్వుమంటాయి. "మడిసికి యాడన్నా అంచుంటాదామ్మా? నీకూ నాకూ నడాన దేవుడేమన్నా గీత గీసినాడా?" అని అడుగుతాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఎనభై కొడతాడు.

ఎనభై అంటే ఏమిటో చెప్పాలి. నాలుగైదు ఫోటోలు కలిపి ఒకే పటం చేసేటప్పుడు ఒక ముఖాన్ని కత్తిరించి ఇంకో ముఖం పక్కన పెడతాం. కత్తిరించిన చోటు కత్తితో కోసినట్టు కనపడకుండా, అంచుని కాస్త కరిగించే సదుపాయం ఫోటోషాప్‌లో ఉంది. ఫెదర్ అంటారు. దాని పక్కన ఒక అంకె కొట్టాలి. అయిదు కొడితే అంచు రవ్వంత మెత్తబడుతుంది. ఇరవై కొడితే పొగలా అవుతుంది. మునిశేఖరన్న ఎనభై కొడతాడు. ఎనభై కొడితే ఆ మనిషి ఎక్కడ అయిపోయాడో, వెనకున్న గోడ ఎక్కడ మొదలైందో అతన్ని కన్నవాళ్ళు కూడా చెప్పలేరు.

నగరి బస్టాండులో దిగి, ఆయన బోర్డు మీదున్న పేరుతో "ఆనంద స్టూడియో యాడ?" అని అడిగితే ఎవరూ చెప్పరు. "మబ్బు స్టూడియో" అంటే పసిపిల్ల కూడా వేలు చూపిస్తుంది.

నా పేరు రేవతి. ఆ మబ్బు స్టూడియోలో నాలుగేళ్ళుగా డిజైనర్‌ని. అంతకుముందు తిరుపతిలో ఒక పెద్ద ఆల్బం ల్యాబులో ఆరేళ్ళు చేశాను. మా ఆయనకి నగరికి బదిలీ కావడంతో ఇక్కడికి వచ్చి పడ్డాను. తిరుపతి స్నేహితులు ఫోన్ చేసి "ఇప్పుడు యాడ చేస్తా ఉండావు?" అంటే, "సొంతంగా డిజైన్ పనులు చూసుకుంటా ఉండా" అని నసిగేదాన్ని. అప్పుడు ఆ స్టూడియో పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు అలా సిగ్గుపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నా సిగ్గు ఎక్కడికీ పోలేదు, కూర్చునే చోటు మార్చుకుందంతే.

నేను చేరిన కొత్తలోనే మా వార్డు నాయకుడు సుబ్బన్న పుట్టినరోజు ఫ్లెక్సీ వచ్చింది. సుబ్బన్న, ఆయన చుట్టూ పద్నాలుగు మంది అనుచరులు. మునిశేఖరన్న పదిహేను మందికీ ఎనభై కొట్టాడు. ఫ్లెక్సీ కట్టిన పొద్దున సుబ్బన్న వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశాడు.

"మునిశేఖరా, ఈ మీసం ఎవురిది?"

"నీదేనన్నా."

"ఈ చెవి?"

"అది మీ బామ్మర్దిది."

"నా మీసం పోయి నా బామ్మర్ది చెవిలో ఏం చేస్తా ఉండాదప్పా?"

మునిశేఖరన్న వెనక్కి రెండడుగులు వేసి, తల ఓ పక్కకి వంచి చూశాడు. "నువ్వేదో రహస్యం చెప్తా ఉన్నట్టుండాది సూడన్నా. ఊర్లో అందురూ మీ ఇద్దరికీ పడదంటా ఉండారు. ఇది సూస్తే నోరు మూసుకుంటారు."

సుబ్బన్న మీసం తడుముకుంటూ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. "అంతా నీ ఇష్టం. మీసం వరకూ నాకు వదిలిపెట్టు సామీ" అని మాత్రం బతిమాలుకున్నాడు.

ఏబెల్ సంగతి ఇంకా ఘోరం. కువైట్‌కి డ్రైవరుగా పోవాలని పాస్‌పోర్టు ఫోటో దిగాడు. వారానికి తిరిగొచ్చాడు, చెమటలు కక్కుతూ.

"అన్నా, ఆఫీసులో సారు నన్ను సూసినాడు, ఫోటో సూసినాడు. 'ఏమయ్యా, నువ్వు ఆవిరయిపోతా ఉండావా?' అన్నాడు. రెండు చెవులూ అగుపడాలంట."

మునిశేఖరన్న మనసు నొచ్చుకుంది. "నిన్ను దేవుడి పటం మాదిరి చేసిస్తినే! వాళ్ళకి కళ లేదప్పా." సరేనని మళ్ళీ కూర్చుని, ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా నలభై కొట్టాడు. ఈసారి ఒక చెవి వచ్చింది. ఆయన టీకి పోయినప్పుడు రెండో చెవి నేను తెప్పించి, ఏబెల్‌ని పంపించేశాను.

ఆయన భార్య ఆనందమ్మక్కది వేరే బాధ. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన ప్రతిసారీ నాతో చెప్పుకునేది.

"నా పెండ్లయి ఇరవయ్యారేండ్లు రేవతీ. ఒక్క పండక్కన్నా అంచుండే చీర తెచ్చినాడేమో అడుగు. నేతగాళ్ళ ఊర్లో సాదా చీర కట్టుకుని తిరిగేది నేనొక్కదాన్నే."

"అంచు లేకుంటే నువ్వు చీరలో కలిసిపోయి బాగుంటావే" అనేవాడు ఆయన, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"కలిసిపోతే నేను యాడుండానో తెలీద్దా?"

"తెలస్తాదిలే. నోరు ఇనపడతాది కదా."

ఇవన్నీ తిరుపతి స్నేహితులకి ఫోన్లో చెప్పి నవ్వించేదాన్ని. ఆయన పేరు చెప్పకుండా "ఇక్కడొకాయన ఉండాడులే" అని మొదలుపెట్టేదాన్ని. ఆయన అన్నం పెట్టే చోట కూర్చుని, ఆయన మీద జోకులేసి, ఆయన ఇప్పించిన టీ తాగేదాన్ని.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. ఎవరైనా పల్లె నుంచి వచ్చి "మా ఆయన పోయినాడు, పటం కట్టించాల, ఫోటో లేదు" అంటే చాలు, కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆరా తీసేవాడు. ఏ పని చేసేవాడు? ఏ ఊర్లో? ఎవరి పెండ్లికైనా పోయాడా? ఏ తిరునాళ్ళకి? ఏ ఏడు? అంతా విని, వెనక గదిలో పాత బిస్కెట్ డబ్బాల నిండా దాచిన నెగెటివ్‌లు ముందేసుకుని రెండు మూడు రోజులు బల్బుకి అడ్డం పెట్టి చూస్తూ ఉండేవాడు. అవతల పెండ్లి ఆల్బంలు పేరుకుపోయేవి. నాకేమో అది ఊరి కబుర్ల పిచ్చి అనిపించేది. ఒకసారి మొహం మీదే అనేశాను కూడా. "అవునమ్మా, నాకు రొంత పిచ్చే" అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని చెప్పకుండా ఎంత దూరం నడపొచ్చో అంత దూరం నడిపాను.

మొన్న మాఘమాసంలో పెంచలయ్య మా స్టూడియోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మోతలో పనిచేసి ఆయనకి చెవులు మందగించాయి. ఆయనతో మనం అరవాలి. ఆయన మనతో రహస్యం కూడా అరిచే చెప్తాడు.

"సేకరా! మా మహిత పెండ్లి!" అని అరిచాడు. రోడ్డు మీద పోయే ఆటో ఆగింది.

మహిత ఆయన ఒక్కగానొక్క కూతురు. డిప్లొమా చదివి, తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పనిచేసే రఘునాథ్‌తో పెండ్లి కుదిరింది. అతనిది తిరుచానూరు, వాళ్ళకి అక్కడ పూలకొట్లు ఉన్నాయి. రిసెప్షన్ తిరుచానూరులోనే.

"మండపం గుమ్మం కాడ పెట్టేదానికి పెద్ద పటం చెయ్యాల. నా బిడ్డ చిన్నప్పట్నించి ఉండే ఫోటోలన్నీ కలుపు. నడిమధ్యలో వాళ్ళమ్మని పెట్టు. చెంగమ్మని!"

చెంగమ్మ జ్వరమొచ్చి చనిపోయేటప్పటికి మహితకి మూడేళ్ళు. పెంచలయ్య ఇంట్లో గోడ మీద ఆమె పటం ఒకటే ఉంది, చాన్నాళ్ళ కిందట మునిశేఖరన్న చేసిచ్చింది. అందులోనూ ముఖం ఒక్కటే. మెడ దిగువంతా మబ్బు.

మునిశేఖరన్న మూడు రోజులు కూర్చుని ఆ కొలాజ్ చేశాడు. నాలుగో రోజు తడకి ఒక నిశ్చితార్థం ఫోటోలకి పోతూ నాకు అప్పజెప్పాడు. "రేవతమ్మా, ఫైలు తిరుపతి ల్యాబుకి పంపించు, పటం ఆడ్నుంచే మండపానికి పోతాది. ఏమీ తాకద్దు."

"సరేనన్నా" అన్నాను.

ఆయన బస్సెక్కాడో లేదో నా ఫోన్ మోగింది. మోహన. తిరుపతి ల్యాబులో నా పక్క కుర్చీలో కూర్చున్నవాడు, ఇప్పుడు సొంతంగా ఫోటోలు తీస్తున్నాడు.

"రేవతక్కా, తిరుచానూరులో రఘునాథ్, మహితల రిసెప్షన్ కవరేజి మాదే. పెండ్లికూతురి పటం నగరి నుంచి వస్తాదంట. నీదేనా?"

చెవులు వేడెక్కాయి. "ఆఁ... మాదే."

"అయితే సూస్తాలే నీ పని. శానా రోజులైంది."

ఫోన్ పెట్టేసి తెర వైపు చూశాను. మహిత మొదటి పుట్టినరోజు, బడి యూనిఫాం, డిప్లొమా పట్టా, తడ కంపెనీ గేటు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఉన్నాయి. నడిమధ్యలో చెంగమ్మ ముఖం, పాయసంలో పడ్డ ఇడ్లీలా తేలుతోంది. దీన్ని మోహన చూస్తాడు. నా పేరుతో చూస్తాడు. తల కొట్టేసినట్టు అనిపించింది.

మొత్తం విప్పేశాను. ఒక్కో ఫోటోకి చక్కగా తెల్లటి అంచు కట్టి, గీత గీసినట్టు వరసలో పేర్చాను. చెంగమ్మ దగ్గరికి వచ్చాను. ఆమె మీద మునిశేఖరన్న కప్పిన మబ్బుని పక్కకి లాగేసరికి కింద ఆమె నిలువెత్తు ఫోటో బయటపడింది. ఆకుపచ్చ చీర కట్టిన మనిషి, నడుం మీద గంపతో నడిచిపోతూ, ఇటు తిరిగి పెద్దగా నవ్వుతోంది. గంపలో ఏవో పచ్చటి ఆకులు. ఆకుకూరలు అమ్మేదేమో అనుకున్నాను. ఇంత మంచి ఫోటోని మెడ దాకా ముంచేశాడే అని మునిశేఖరన్న మీద జాలిపడ్డాను. పాత ఫోటో కదా అని కొంచెం వెలుతురు కూడా పెంచాను. పంపించేశాను.

మర్నాడే రిసెప్షన్, సాయంత్రం ఆరు గంటలకి తిరుచానూరు చేరాను. మండపం గుమ్మం పక్కన నా పటం నిలబడి ఉంది. ఆరడుగుల ఎత్తు. మోహన దాని ముందే ఉన్నాడు.

"క్లీన్‌గా ఉండాదక్కా. నీ చెయ్యి పోలేదు" అన్నాడు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. చిన్న తెర మీద ఆకుకూరలుగా కనపడ్డవి ఆరడుగుల పటంలో ఆకుకూరలు కావు. అరిటాకులు. తిని మడిచిన అరిటాకులు. మెతుకులతో సహా కనపడుతున్నాయి, వెలుతురు పెంచింది నేనే కదా. చెంగమ్మ వెనకాల, బంతిలో కూర్చుని భోంచేస్తున్నవాళ్ళ మోకాళ్ళు. ఎవరి పెండ్లిలోనో ఎంగిలాకులు ఎత్తుతున్న చెంగమ్మ, కూతురి పెండ్లి పటం మధ్యలో, మెరిసిపోయే తెల్లంచు లోపల నవ్వుతోంది.

పెండ్లికొడుకు పెద్దమ్మ నిర్మలమ్మ అప్పుడే పూలబుట్టతో వచ్చింది. చెడ్డ మనిషి కాదు, నోటికీ మనసుకీ మధ్య తలుపు లేని మనిషి.

"ఎవురమ్మా ఈమె? ఎంగిలాకులు ఎత్తేయామెని పెండ్లి పటంలో పెట్టినారేంది?"

పక్కనున్నామె ఆమె చెవిలో ఏదో చెప్పింది. నిర్మలమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

పెంచలయ్య కొత్త చొక్కాలో నవ్వుతూ వచ్చాడు. "ఏమంటా ఉండారమ్మా?" అని అరిచాడు. ఎవరూ చెప్పలేదు. అందరి చూపూ ఎటుందో అటు తిరిగాడు. చూశాడు. భుజం మీది తువ్వాలు తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. నేనెరిగి మొదటిసారి ఆయన మెల్లిగా మాట్లాడాడు.

"అది... పాత ఫోటో" అన్నాడు.

అదే సమయానికి కారు వచ్చి ఆగింది. పట్టుచీరలో మహిత దిగి, రఘునాథ్ పక్కన నాలుగడుగులు వేసి, గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

నేను మోహన వెనక్కి జరిగాను. జరిగాను అని రాస్తే అబద్ధం. దాక్కున్నాను.

అప్పుడు గేటులోంచి కెమెరా సంచీతో మునిశేఖరన్న వచ్చాడు, తడ నుంచి రెండు బస్సులు మారి, జుట్టు నిండా దుమ్ముతో. పటం చూశాడు. మహితని చూశాడు. పెంచలయ్యని చూశాడు. సంచీ అక్కడే పడేసి పరుగెత్తాడు. పెండ్లికూతురు, పెండ్లికొడుకు లోపలికి నడిచొచ్చేటప్పుడు కాళ్ళ కింద మేఘాల్లా పొగ వదలడానికి గుమ్మం పక్కన ఒకాయన పొగ మిషన్‌తో సిద్ధంగా ఉన్నాడు. మునిశేఖరన్న పోయి ఆయన మీద పడ్డాడు.

"పొగ పెట్టు సామీ!"

"ఇంకా పాట ఎయ్యలేదు సార్."

"పాట తర్వాత. ఈపక్కకి తిప్పి పెట్టు, బిన్నా!"

"ఎంత పెట్టమంటారు?"

"ఎనభై!"

"దీనికి అంకెలు లేవు సార్. నొక్కేదే."

"అయితే నొక్కప్పా!"

నొక్కాడు. మొదట పటం పోయింది. తర్వాత గుమ్మం పోయింది. తర్వాత మేమందరం పోయాం. నాదస్వరం ఊదే పెద్దాయన దగ్గు ఆపుకోలేక నాదస్వరంలోనే దగ్గాడు. "నా పూలబుట్ట యాడ?" అని నిర్మలమ్మ, "ఎవురప్పా నా కాలు తొక్కింది?" అని ఇంకెవరో. ఎవరో ఒక పెద్దమనిషి మోహన చేతులు పట్టుకుని, నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి, కానుక పొట్లం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. "బిడ్డా! యాడుండావు?" అని పెంచలయ్య కేక ఒక్కటే అన్నిటి మీదా వినపడింది. ఆ కేకని పట్టుకునే పెండ్లికూతురు దారి తెలుసుకుని లోపలికి పోయింది.

పొగలో నా భుజం మీద చెయ్యి పడింది. "ఆపక్క పట్టుకో" అన్నాడు మునిశేఖరన్న. ఇద్దరం పటం ఎత్తుకుని, రెండు చోట్ల గోడకి గుద్దుకుని, వంటశాల వెనక్కి చేర్చాం. ఆయన దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు.

అంతలో పెంచలయ్య దగ్గుకుంటూ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపల మునిశేఖరన్న ముందుకు వెళ్ళాడు.

"పెంచలయ్యన్నా, తప్పు నాది."

"ఆఁ?"

"తప్పు నాదన్నా! ఒక ఫైలు బదులు ఇంకోటి పంపించినా!"

"ఏంది?"

"తప్పు నాదీ!"

వంటవాళ్ళు గరిటెలు ఆపి చూశారు. చెవిటాయనకి అబద్ధం చెప్పాలంటే మూడుసార్లు అరవాలి. ఆ మూడుసార్లలో ఒక్కసారైనా "కాదు, నాది" అని నేను అనొచ్చు. అడుగు దూరంలో ఉన్నాను. నా నోట్లో నాలుక ఉంది. అనలేదు.

పెంచలయ్య ఆయన భుజం తట్టాడు. "పోనీలే సేకరా. చెంగమ్మ పని చేసుకునింది, దొంగతనం చేసిందా ఏమి" అని, లోపలికి వెళ్ళిపోయాడు.

వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఎవరో రెండు గ్లాసుల కాఫీ తెచ్చి ఇచ్చారు. తాగబుద్ధి కాలేదు.

"నన్ను తిట్టన్నా" అన్నాను.

"ఏమని తిట్టేదమ్మా? ఫోటో బాగుండాది. అంత బాగుండబట్టే ఈ చిక్కొచ్చింది."

కాఫీ ఊదుకుంటూ చెప్పాడు. "చెంగమ్మ పోయినాక పెంచలయ్య నా తావకి వచ్చినాడు. మహిత ఒళ్ళో నిద్రపోతా ఉన్నింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు, ఈ బిడ్డకి రేపు వాళ్ళమ్మని ఏమని సూపించేది అని ఏడ్చినాడు. ఆమె యాడ పనికి పోతా ఉన్నిందో అడిగినా. పెండ్లిండ్లలో ఆకులు ఎత్తేదానికి అన్నాడు. నేను పుత్తూరులో తీసిన పెండ్లి ఒకటి ఉన్నింది. నాలుగు దినాలు ఎతికినా. పెండ్లికొడుకు అన్నం తినేది తీస్తా ఉంటే, ఆమె ఆ పక్కగా పోతా పోతా ఇట్ల తిరిగి నవ్వింది. ఫోటోలో ఒక మూల పడింది."

"మూలా?"

"లేనోళ్ళకి సొంత ఫోటో ఉండదమ్మా. ఇంకొకరి ఫోటోలో ఓ మూల ఉంటారు. ఆ మూల నుంచి తెచ్చి నడిమధ్యలో కూసోబెడితే, యాడ్నుంచి తెచ్చినానో ఎవురికీ తెలీకూడదు కదా. అయిదు పెడితే తెలిసిపోతాది. ఇరవై పెట్టినా, తెలిసేవాళ్ళకి తెలస్తాది. ఎనభై పెడితే యముడు కూడా పట్టుకోలేడు."

నాకు ఒక అనుమానం మాత్రం మిగిలింది.

"మరి ఏబెల్ పాస్‌పోర్టు ఫోటోకి ఎందుకు పెట్టినావన్నా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "అదా... చేతికి అలవాటయిపోయిందమ్మా" అన్నాడు.

సోమవారం స్టూడియోకి ముందుగా వెళ్ళి, ఆయన పాత ఫైళ్ళు తెరిచాను. ఒక్కొక్క ముఖం మీది మబ్బునీ పక్కకి జరిపి చూశాను. వేరేవాళ్ళ పెండ్లికొడుక్కి గొడుగు పట్టిన మనిషి. గుడి మెట్ల మీద చెయ్యి చాచిన అవ్వ. ఆసుపత్రి మంచం. ఒక పిల్లోడిది మాత్రం ఏమిటో అర్థం కాలేదు, తర్వాత చూస్తే చొక్కా చేయి ఒకటి ఖాళీగా వేలాడుతోంది. ఇంకా చాలా ఉన్నాయి. నాకు చాతకాలేదు, మూసేశాను. ఈ ఫోటోల మీద ఎన్ని జోకులు వేశానో లెక్కపెట్టుకోబోయి అదీ చాతకాలేదు.

మోహనకి ఫోన్ చేశాను. "నేను చేసేది మబ్బు స్టూడియోలో. ఆ రోజు పటం పాడుచేసింది నేను" అని చెప్పాను. "పొగ పెట్టించిన ఆయనేనా మీ ఓనరు? ఆయప్ప తావ నాకేమన్నా పనుంటే చెప్పక్కా" అన్నాడు. అది సులువైన చోటు. అసలు చోటికి వెళ్ళడానికి ఇంకో పది రోజులు పట్టింది, మహిత పుట్టింటికి వచ్చాక.

పెంచలయ్య ఇల్లు మగ్గాల షెడ్డు పక్కనే. మహిత గుమ్మంలో కూర్చుని పూలు కడుతోంది. నిలబడే చెప్పాను. కూర్చోవడానికి ధైర్యం లేదు.

"మహితా, ఆ ఫోటో అట్ల పెట్టింది మునిశేఖరన్న కాదు. నేను. ఆయన తాకద్దన్నాడు. నా గొప్ప కోసం నేనే మార్చినా."

ఆమె చేతిలో దారం ఆగింది. "ఎవుర్నడిగి మార్చినావక్కా?"

"ఎవుర్నీ అడగలేదు."

"అడిగుంటే నేనే పెట్టమనేదాన్నేమో. మా అమ్మ అట్ల బతికింది అని నేనే చెప్పుకోనుంటినేమో. అది నేను చెప్పాల కదా. అందురి ముందరా నువ్వెందుకు చెప్పినావు?"

షెడ్డులో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"ఏమంటా ఉండాది రేవతి?" అని లోపలి నుంచి పెంచలయ్య అరిచాడు.

"పటం మార్చింది రేవతక్కంట నాయనా!" అని మహిత తిరిగి అరిచింది. వీధిలో ఇద్దరు ఆగి నన్ను చూశారు. అదీ నాకు కావలసిందే.

"నాకు తెలుసులేమ్మా!" అన్నాడు పెంచలయ్య బయటికొస్తూ. "సేకరు తావ అన్నేసి గీతలు యాడుంటాయి? ఆయప్పకి ఎనభై తప్ప ఇంకో అంకె రాదు! తప్పు నాది నాది అని మూడుసార్లు మొత్తుకుంటా ఉంటే, సరే పో అనుకుంటి!"

మహిత నవ్వాపుకోవాలని చూసింది, కానీ కుదరలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మా నిర్మలమ్మ పెద్దమ్మకి నా మొగం సూసేదానికి సిగ్గంట. రోజూ మల్లెపూలు పంపిస్తా ఉండాది. తల్లో పెట్టుకునేదానికి చోటు లేదు." దారం తెంపి ముడి వేసింది. "అక్కా, ఆ ఫోటో నాకొకటి ఇయ్యి. గోడకి కాదు. నాకు."

"అట్లేనా? గంపతోనా?"

"గంపతోనే. ఇన్నేండ్లూ అమ్మ మొగమే సూసినా. అమ్మకి చేతులున్నట్టే నాకు తెలీదు. ఆ పొద్దు గుమ్మం కాడ సూసినా. ఎర్ర గాజులేసుకోనుంది."

స్టూడియోకి వచ్చి మునిశేఖరన్నకి అంతా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని ఆ ఫోటో తెరిచాడు. గంప, ఎంగిలాకులు, ఎర్ర గాజులు, నవ్వు, అన్నీ ఉన్నాయి. ఆయన చెయ్యి దానంతట అదే కీబోర్డు మీదికి పోయింది. ఎనిమిది కొట్టింది. సున్నా మీద వేలు పెట్టి ఆగాడు. ఎనిమిదిని కూడా చెరిపేసి, ఉన్నదున్నట్టు ప్రింటు తీశాడు.

ప్రింటు చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. నాలుగు పక్కలా గీత గీసినట్టు అంచు. పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సొరుగులోంచి కత్తెర తీసి, నేను అరిచేలోపల, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించాడు.

"ఇదేందన్నా మళ్ళా?"

"మూలలు గుచ్చుకుంటాయమ్మా. ఆ పాప రోజూ చేత్తో పట్టుకుని సూసుకునేది కదా" అని, ఫోటోని కవరులో పెట్టి నాకిచ్చాడు.